తొమ్మిది కుండీల షిఫ్టు

మా కేజీఎఫ్ బంగారు గని కార్మికుల లైనిళ్ళలో తిమ్మరాయప్పను మించిన మొండిమనిషి లేడు. ఇరవయ్యారేళ్ళు గని అడుగున, నెత్తిమీది దీపం వెలుగులో పనిచేసినవాడు. కోడలు సవిత కాన్పుకని రాయల్పాడులోని పుట్టింటికి పోతూ తన తొమ్మిది సక్యులెంట్ల కుండీలు అప్పజెప్పి, "వెలుతురు చూసుకో మామా" అంటే, లోపలి గది అలమరలో పెట్టి పైన చిన్న బల్బు వెలిగించాడు. ఆయన దృష్టిలో అదే బోలెడు వెలుతురు!

నెల తిరక్కుండానే ఆ మందపాటి ఆకుల మొక్కలు జానెడు సాగాయి. ఆయన స్కేలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి గొప్పలు చెప్పుకున్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను, నా తెలివి అంతే. వీడియో కాల్లో చూసిన సవిత మాత్రం లబోదిబోమంది.

"అవి పెరగలా మామా! వెలుతురు చాలక మెడలు సాచినాయి. ఒక్కొక్క ఆకూ నాటి పెంచినాను. కిటికీలో పెట్టు. ఒక్కసారే ఎండ తగిలితే మాడిపోతాయి, దినామూ ఇంతింత పెంచు."

ఆ చివరి మాట ఆయనకు వెంటనే ఎక్కింది. గనిలోంచి పైకొచ్చిన మనిషికి ఎండలో కళ్ళు తెరుచుకోవు కదా. మర్నాడే షిఫ్టులు మొదలు. ఇంటికున్నది ఒక్కటే కిటికీ. మూడేసి కుండీలు, మొదట పావుగంట, తర్వాత అరగంట, అలా పెంచుకుంటూ. డబ్బా మూతలు కత్తిరించి నంబరు బిళ్ళలు చేశాడు. గనిలోలాగే, షిఫ్టుకు పోయే కుండీ తన బిళ్ళను వెంట తీసుకుపోవాలి, తిరిగొచ్చాక గోడమీది పలకలో తన మేకుకు తగిలించాలి. షిఫ్టు మారినప్పుడల్లా నోటితోనే సైరన్! "ఈయప్పకు పిచ్చి ముదిరిపోయినాది" అని భార్య పుష్పావతి తల కొట్టుకునేది.

మూడో నెల, ఒక సాయంత్రం, సవిత పాపతో వచ్చింది, చూడ్డానికి లైనంతా చేరింది. బిళ్ళల పలక చూపించబోయిన తిమ్మరాయప్ప ఆగిపోయాడు. నాలుగో మేకు ఖాళీ. కుండీ కూడా లేదు. ఖాళీ మేకు అంటే ఏమిటో మా లైనులో అందరికీ తెలుసు. మనిషింకా కిందే ఉన్నాడని. ఆయన కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

"యాడ పోయినాది? నాలుగో నంబరు యాడ పోయినాది?"

వెనక గుమ్మంలోంచి పుష్పావతి కుండీతో వచ్చింది. "అరవాకప్పా. అన్నిట్లోకీ ఇదే నీరసంగా ఉండాది. వెనకాల ఇంగా రవ్వంత ఎండ ఉంటే ఓవర్‌టైం చేయించినా."

లైనంతా పగలబడి నవ్వింది. సవిత పాపను మామ చేతుల్లో పెట్టి కుండీ అందుకుంది. సాగిన మెడ అలాగే ఉంది, కొసన మాత్రం కొత్త ఆకులు దగ్గరదగ్గరగా, బొద్దుగా ఉన్నాయి.

"బతికినాయి మామా!"

ఆయన ఒక చేత్తో పాపను పొదువుకుని, రెండో చేత్తో కుండీలోని నాలుగో బిళ్ళ తీసి మేకుకు తగిలించాడు.

"అందరూ పైకొచ్చేసినారమ్మా" అన్నాడు, నవ్వుతూ, ఏడుస్తూ.