మనవాళ్ళ మందు

తాతగారు రైల్వే ఉద్యోగానికి శ్రీకాకుళం నుంచి రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్న దేవేంద్ర నగర్‌లో మందుల దుకాణం పెట్టాడు. ఖరీదైన విదేశీ మందు రాసిన చీటీ పట్టుకుని ఎవరైనా దిగాలుగా నిలబడితే, ఆయన హిందీలో ఒకటే చెప్పేవాడు: కొంచెం ఆగండి, అదే మందు మనవాళ్ళు తెస్తారు. తెచ్చేవారు కూడా. అప్పటి చట్టంలో మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు, మందుకు కాదు. పద్ధతి మార్చి అదే మందు మన కంపెనీలు చవగ్గా అమ్మేవి. ఆ డబ్బా దుకాణానికి వచ్చిన రోజు నాన్న తనే కనిపెట్టినంత హడావుడి చేసేవాడు.

రెండువేల ఐదులో చట్టం మారింది. ప్రపంచ వాణిజ్య ఒప్పందానికి తగ్గట్టు ఏకంగా మందుకే ఇరవై ఏళ్ళ పేటెంటు వచ్చింది; ఆ గడువులో ఇంకెవరూ ఏ పద్ధతిలోనూ ఆ మందు చెయ్యకూడదు. ఇక్కడి లా కాలేజీలో ఆ పాఠం చెప్పేది నేనే. కొత్తది కనిపెట్టినవాడికి ఫలితం దక్కొద్దా అని విద్యార్థులతో గట్టిగా వాదించేదాన్ని. అది తప్పని ఇప్పుడూ అనను. ఇంటికొచ్చి చెబితే నాన్న నవ్వేసేవాడు. ఢిల్లీలో ఏం రాసుకున్నా మనవాళ్ళు ఏదో దారి చూస్తారని ఆయన ధీమా.

కొన్నేళ్ళకు అమ్మకు బ్లడ్ కేన్సర్ వచ్చింది. పాత మందులు కొంతకాలం పనిచేసి మానేశాయి. డాక్టరు రాసిన కొత్త మందు పేటెంటుది. ఇల్లూ దుకాణమూ అమ్మినా ఎక్కువకాలం కొనలేం. పేదరోగులకు ఆ కంపెనీ ఇచ్చే సాయం అడిగితే, దుకాణం ఉన్నవాళ్ళకు కుదరదన్నారు. నాన్న మాత్రం కంగారుపడలేదు. వచ్చిన ప్రతి మెడికల్ రిప్రజెంటేటివ్‌నీ కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మనవాళ్ళది ఎప్పుడొస్తుందని అడిగేవాడు. వాళ్ళు ఆయన మొహం చూసి, వస్తుందిలెండి అనేవారు. నాకు ఒళ్ళు మండేది. పేటెంటు గడువు తీరడానికి ఇంకా చాలా ఏళ్ళున్నాయి.

ఒక మధ్యాహ్నం అమ్మకు తల దువ్వుతూ, ఇవాళ నాన్నకు ఉన్నమాట చెప్పేస్తానన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అది ఇప్పట్లో రాదని నాకూ తెలుసునే. నువ్వు ఫోన్లో అంటంటే విన్నాను. మీ నాన్నకి చెప్పీకు. వస్తాదన్న ధైర్యంతోనే దుకానుకెళ్తన్నారు, వచ్చి రెండు ముద్దలు తింటన్నారు. నాకోసం ఏటీ చెయ్యలేనని తెలిస్తే ఆయన బతకరు."

అమ్మమీద కోపం వచ్చింది, నాన్నమీదా వచ్చింది. నేను చెప్పే పాఠంమీద కూడా వచ్చింది. జడ అల్లడం అయ్యాక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

రిప్రజెంటేటివ్‌ల మాటమీద నాన్నకు అనుమానం మొదలైనట్టుంది. ఆ సాయంత్రం చెప్పులు విప్పకుండానే గుమ్మంలో ఆగి అడిగాడు.

"నువ్వు చట్టం చదివినదానివి. నిజం చెప్పమ్మా, ఎప్పుడొస్తాది?"

వచ్చే ఏడాది వచ్చేస్తుందన్నాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నాన్న ఆ పూట పెరుగన్నం మారు వడ్డించుకున్నాడు.

అమ్మ ఆ వానాకాలం దాటలేదు. పదకొండో రోజున ఇంటినిండా చుట్టాలు. భోజనాలయ్యాక నాన్న వాళ్ళ మధ్య కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఇంకొక్క ఏడాది ఓపిక పట్టలేకపోయింది మనిషి. మందు వచ్చీదే. అడగండి, అమ్మాయే చెప్పింది."

అందరూ నావైపు చూశారు. అవునని తలూపాను.