పట్టికలో కనపడని హరిహర దారి

సోమవారం పొద్దున్న పదింటికి దావణగెరెలోని ఆ కంటి ఆసుపత్రి మూడో అంతస్తులో జరిగేదాన్ని అందరూ మీటింగు అనేవారు. చూసినవాళ్లకు మాత్రం పారాయణంలా ఉండేది. రుద్రేశప్ప తలుపు పక్క కుర్చీలో కూర్చుని, ఒక్కో రూటరు నుంచి తీయించిన దారుల పట్టికను గట్టిగా చదివేవాడు. చదివిన ప్రతి వరుస పక్కనా ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టేవాడు. అలా టిక్కులు పెట్టిన కాగితాల ఫైళ్లు బీరువాలో పంతొమ్మిదేళ్లవి ఉన్నాయి. వాటిని ఎవరూ తెరిచి చూసింది లేదు. అయినా టిక్కు పడని సోమవారం ఒక్కటీ లేదు.

అసలు ఆ పట్టికేమిటని అతని భార్య కళావతి ఒకసారి అడిగింది. ఆమెకు ఏదైనా అడిగి తెలుసుకోందే అన్నం సహించదు. అతను ఓపిగ్గా చెప్పాడు. ఆసుపత్రికి హరిహర, జగళూరు, చన్నగిరి, ఇలా తొమ్మిది ఊళ్లలో శాఖలున్నాయి. అక్కడ తీసిన కంటి ఫొటో ఇక్కడి డాక్టరు ముందుకు ఏ దారిన రావాలో రూటరు అనే పెట్టె చెప్పాలి. ఆ పెట్టెలు తమలో తాము మాట్లాడుకుని దారులు తెలుసుకుంటాయి. కొత్త పెట్టెల మాట తీరు ఒకటి, పాతవాటిది ఇంకొకటి. నడుమనున్న పెద్ద పెట్టెకు రెండు తీరులూ వచ్చు. ఒకే ఊరికి ఇద్దరూ రెండు దారులు చెబితే ఎవరి మాట నమ్మాలి? అందుకని ఒక్కో తీరుకు ఒక అంకె పెట్టారు. అంకె ఎంత చిన్నదైతే నమ్మకం అంత ఎక్కువ. కొత్త తీరుకు నూటపది, పాతదానికి నూటఇరవై. నూటపదిదే గెలుస్తుంది, అదే పట్టికకు ఎక్కుతుంది, పక్కన 'ఓ' అన్న అక్షరం పడుతుంది. పాత తీరుది గెలిస్తే 'ఆర్' పడుతుంది.

"మరి ఓడిపోయిన దారి ఏమవుతుంది?" అని అడిగింది కళావతి.

"ఏమీ అవదు. పట్టికలో కనపడదంతే. అర నిమిషానికోసారి ఆ పాత పెట్టె నేనున్నాను, నేనున్నాను అని చెబుతూనే ఉంటుంది. మొదటిది పడిపోతే ఇది పైకొస్తుంది."

అతనికి ఆ సంగతి అంత బాగా తెలుసు. తరువాత అతన్ని తొలిచేసింది కూడా అదే.

రుద్రేశప్ప తండ్రి బట్టల మిల్లులో నేతపని చేసేవాడు. మిల్లు మూతపడ్డ ఏడే ఇతను ఐటీఐ ముగించాడు. సైకిలు మీద నిచ్చెన కట్టుకుని ఇళ్లకు టెలిఫోను తీగలు లాగాడు. ఆసుపత్రిలో మొదటి రూటరు దిగినప్పుడు దానితో వచ్చిన లావుపాటి పుస్తకాన్ని, అర్థం తెలియకపోయినా, ఆరు నోటుపుస్తకాల్లోకి ఎత్తి రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ ఉండగా అర్థమైంది. డిగ్రీలవాళ్లు వచ్చారు, బెంగుళూరు వెళ్లిపోయారు. ఇతను మిగిలాడు. కరెంటు పనుల బక్కేశ్ అతన్ని 'పంచాంగం' అని పిలిచేవాడు. "పంచాంగం గారూ, ఈరోజు జగళూరుకు ప్రయాణం చేయొచ్చా, వర్జ్యముందా?" అనేవాడు. రుద్రేశప్ప నవ్వి ఊరుకునేవాడు. లోపల ఆ పేరంటే ఇష్టమే.

కిందటేడు చైత్ర వచ్చింది. హొన్నాళి పిల్ల, డిప్లొమా చదివింది, ఏడాది పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. రుద్రేశప్పకు ఆ పిల్ల నచ్చింది. కళావతి కట్టిన జొన్నరొట్టె, వంకాయ పల్యం ఆమెకూ పెట్టేవాడు. "నా తరువాత ఆ కుర్చీ నీదే" అనేవాడు.

ఒక సోమవారం పారాయణం మధ్యలో ఆ పిల్ల, "సార్, టిక్కు పడేది గెలిచిన దారులకే కదా. వెనక నిలబడ్డవి బతికున్నాయో లేదో కూడా చూస్తే మంచిది కదా?" అంది. అమాయకంగానే అంది.

ఆసుపత్రి నడిపే ఇందుమతి మేడం తలెత్తింది. "బాగుందే. ఏం రుద్రేశప్పా, పంతొమ్మిదేళ్లలో మీకు తట్టలేదా?"

అందరూ నవ్వారు. బక్కేశ్ ఇంకాస్త ఎక్కువ నవ్వాడు. రుద్రేశప్పా నవ్వాడు. ఆ వారం మాత్రం రొట్టె ఒక్కడే తిన్నాడు.

హరిహర శాఖకు ఒకటే లైను ఉండేది. రోడ్డు తవ్వినప్పుడల్లా తెగేది. రెండో లైను అద్దెకు తీసుకున్నారు. అది పాత పెట్టెల మీదుగా వస్తుంది కాబట్టి పాత తీరులోనే దారి చెప్పాలి. ఆ వారమే ఆ పని చైత్రకు అప్పగించారు. శుక్రవారం సాయంత్రం ఆమె పని అయిపోయిందని కాగితం రాసి ఇచ్చింది.

సోమవారం రుద్రేశప్ప పెద్ద పెట్టె పట్టిక చదువుతూ హరిహర వరుస దగ్గర ఆగాడు. ఒకటే వరుస. పక్కన 'ఓ'.

"రెండో దారి వేశానన్నావు. ఏదీ?" అన్నాడు.

"వేశాను సార్."

"ఇందులో ఉందా? చదువు. కళ్లద్దాలు నాకు కదా, నీక్కాదు."

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇందులో ఉండదు సార్. ఇది గెలిచిన దారుల పట్టిక. మొదటి లైను బాగుంది కాబట్టి అదే కనబడుతోంది. పాత పెట్టె పంపే కబురు విడిగా చూస్తే తెలుస్తుంది. మీరే కదా సార్ నేర్పారు."

ఆ చివరి మాట ఆమె నోట ఉండగానే రుద్రేశప్పకు అంతా తెలిసిపోయింది. అంకెలు తెలిసినవాడికి ఎంతసేపు పడుతుంది? నూటపది, నూటఇరవై. పిల్ల చెప్పేది అక్షరాలా నిజం. 'అవునమ్మా, నేనే తొందరపడ్డాను' అంటే సరిపోయేది. కానీ పదిహేనుమంది చూస్తున్నారు. కిందటి వారం నవ్వినవాళ్లే వాళ్లంతా.

"పట్టికలో లేనిది లేనట్టే. చేయని పని చేశానని కాగితం ఇవ్వడం ఈ ఆసుపత్రిలో మొదటిసారి చూస్తున్నాను."

"మొదటి లైను ఒక్క నిమిషం తీసి చూడండి సార్."

"రోగులుండే వేళ లైను తీయమంటావా? వాళ్ల కళ్లతో ఆటలా?"

ఇందుమతి మేడంకు ఈ పెట్టెల సంగతి తెలియదు. పంతొమ్మిదేళ్లుగా ఉన్న మనిషి మాట ఒకవైపు, పదకొండు నెలల కిందట చేరిన పిల్ల మాట ఒకవైపు. ఆమె లెక్కలో రుద్రేశప్పది నూటపది, ఆ పిల్లది నూటఇరవై. ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద రుద్రేశప్ప చేత అభిప్రాయం రాయించింది. 'చేయని పనిని చేసినట్టు చూపింది' అని రాశాడు. ఒక్క కొట్టివేత కూడా లేదు. అదే తరువాత అతనికి ఆశ్చర్యమనిపించింది.

చైత్రను స్టోర్‌రూముకు పంపారు. పాత కంప్యూటర్లకు నంబరు చీటీలు అతికించే పని. నెలాఖరుకు వెళ్లిపోవాలి.

ఆ రోజు నుంచి రుద్రేశప్ప లిఫ్టు ఎక్కడం మానేశాడు. లిఫ్టు స్టోర్‌రూము ఎదుట ఆగుతుంది. మోకాళ్లు నొప్పెట్టినా మెట్లే ఎక్కాడు. మధ్యాహ్నం ఆమె వెన్న దోసె హోటలుకు వెళుతుందని తెలిసి, ఆ వీధి వదిలేసి చుట్టూ తిరిగాడు. ఒకరోజు మాత్రం తప్పించుకోలేకపోయాడు. స్టోర్‌రూము తలుపు తీసే ఉంది. ఆమె నేల మీద కూర్చుని చీటీలు తడిచేసి అంటిస్తోంది. అతన్ని చూసి లేచి నిలబడింది. "నమస్తే సార్" అంది, ఎప్పటిలాగే. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

ఇంట్లో కళావతికి మొదటి మూడు రోజుల్లోనే అనుమానం వచ్చింది. రొట్టె డబ్బా నిండుగా తిరిగొస్తోంది.

"ఏమండీ, నా రొట్టెకేమైంది?"

"ఏం కాలేదు. ఆకలి లేదు."

"ఆ హొన్నాళి పిల్లకు పెడుతున్నారా లేదా?"

అతను డబ్బా తీసుకెళ్లి తొట్టి దగ్గర పెట్టాడు. ఆమె అక్కడ పట్టుకుంది. తాడు కొస దొరికితే బావి లోంచి బిందె బయటికొచ్చేదాకా వదిలే మనిషి కాదు. రెండు పూటలు అడిగి, మొత్తం లాగింది. విన్నాక వంకాయలు తరగడం ఆపింది.

"మన వీధికి ఏడింటికి సుశీలమ్మ వస్తుంది. ఆమె దగ్గరే కొంటాను. ఎనిమిదింటికి ఇంకొకామె గంప పెట్టుకుని అరుచుకుంటూ పోతుంది. నా బుట్టలో ఆమె కాయలు లేవని, ఆమె మన వీధికే రాలేదు, అబద్ధాలకోరు అని నలుగురిలో అన్నారా మీరు?"

"ఊఁ."

"ఆమె కేక చెవిన పడుతుండగానే?"

కళావతి మళ్లీ వంకాయలు తరగడం మొదలుపెట్టింది. "ఆ పిల్లకు ఇంట్లో ఏం చెప్పుకోవాలో పాపం" అంది, అంతే. ఆ పూట ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం ఆమె చేతనైన పెద్ద శిక్ష.

పదో రోజు, బుధవారం పదకొండింటికి, మురుగు కాలువ కోసం తవ్వుతున్న జేసీబీ హరిహర లైను తెంపేసింది. బక్కేశ్ పరుగెత్తుకొచ్చాడు. "పంచాంగం గారూ, రోడ్డు మీద మీ తీగ పేగుల్లా బయటపడింది." బుధవారం హరిహరలో శిబిరం ఉంటుంది. వందమంది దాకా ముసలివాళ్లు కళ్లలో మందు వేయించుకుని కూర్చుని ఉంటారు. ఫొటోలు రాకపోతే అందరూ వెనక్కి పోవాలి.

కుర్చీలో కూలబడి ఫోను మోగుతుందని చూశాడు. మోగలేదు. ఇంకో రెండు నిమిషాలు చూశాడు. అప్పుడు పెద్ద పెట్టె పట్టిక తెరిచాడు. హరిహర వరుస అలాగే ఉంది. పక్కన 'ఓ' లేదు. 'ఆర్' ఉంది. అంకె నూటఇరవై. ఆ దారిన ఫొటోలు ఒకటి తరువాత ఒకటి వస్తున్నాయి.

అతను ఆ అక్షరం వంకే చూస్తూ ఉండిపోయాడు. కొత్తగా తెలిసిందేమీ లేదు. తెలిసినదే వచ్చి ఎదురుగా కూర్చుంది.

మధ్యాహ్నానికి మాట ఆసుపత్రంతా పాకింది. లైను తెగినా హరిహర ఆగలేదట, పంచాంగం ముందే ఏదో ఏర్పాటు చేసి పెట్టాడట. క్యాంటీనులో టీ పోసే ఆమె అతని దగ్గర డబ్బులు పుచ్చుకోలేదు. ఇందుమతి మేడం స్వయంగా ఫోను చేసింది. "మీరుండగా నాకు దిగుల్లేదు రుద్రేశప్పా. సోమవారం అందరి ముందూ చెబుతాను."

'నేను కాదు మేడం' అనబోయాడు. "సరే మేడం" అన్నాడు. ఆ 'సరే' తలచుకుని ఆదివారం దాకా ముద్ద దిగలేదు. లైను గురువారమే అతికించారు. పట్టికలో 'ఆర్' పోయి 'ఓ' తిరిగొచ్చింది. ఇక ఆ బుధవారానికి సాక్ష్యం కూడా లేదు. నోరు మూసుకుంటే అయిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గుపడ్డాడు.

సోమవారం పొద్దున్నే మేడం గదికి వెళ్లి జరిగింది చెప్పాడు.

"ఆ కాగితం మార్చేద్దాం. అమ్మాయికి ఉద్యోగం ఖాయం చేద్దాం. అందరి ముందూ ఎందుకు? మీ వయసుకు బాగుండదు."

"అన్నది అందరి ముందే మేడం. ఆ పిల్లను పైకి పిలిపించండి."

పదింటికి చైత్ర వచ్చి గోడ పక్కన నిలబడింది. వేళ్లకు జిగురు అంటుకుని ఉంది. రుద్రేశప్ప పట్టిక తీయలేదు. తాను రాసిన కాగితం తీసి, పట్టిక చదివినట్టే గట్టిగా చదివాడు. 'చేయని పనిని చేసినట్టు చూపింది.' ఎర్ర పెన్నుతో దాని మీద అడ్డంగా గీత కొట్టాడు.

"బుధవారం హరిహరను నిలబెట్టింది నేను కాదు. ఈ అమ్మాయి వేసిన దారి. ఆ రోజు తను చెప్పింది నిజం, నేనన్నది అబద్ధం. పొరపాటు కూడా కాదు. తను చెబుతుండగానే నాకు అర్థమైంది. మీరంతా ఉన్నారని ఒప్పుకోలేదు."

బక్కేశ్ కూడా నవ్వలేదు.

"ఆ నిమిషమే తెలుసా సార్?" అంది చైత్ర.

"తెలుసమ్మా."

ఆమె కళ్లు అప్పుడు నిండాయి, ఇన్ని రోజుల్లో మొదటిసారి. "నేను అలా అనుకోలేదు సార్. పెద్దాయనకు ఆ క్షణం తట్టలేదేమో అనుకున్నాను. ఇంట్లో అమ్మకూ అదే చెప్పాను. మా సార్ మంచివారే, తెలియక అన్నారు అని."

తిట్టు కోసం సిద్ధపడి వచ్చిన రుద్రేశప్పకు ఈ మాటకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు.

ఇందుమతి మేడం కాగితం దగ్గరికి లాక్కుంది. "సంతకం పెడుతున్నాను చైత్రా. ఉద్యోగం ఖాయం."

"పెట్టండి మేడం. ఉండేదీ లేనిదీ నేను అమ్మతో మాట్లాడి చెబుతాను."

రుద్రేశప్ప లేచి తలుపు పక్క కుర్చీ ఖాళీ చేశాడు. పట్టికల కట్ట, ఎర్ర పెన్ను ఆమె వైపు జరిపాడు. ఆమె వెంటనే కూర్చోలేదు. దుపట్టా కొంగుతో వేళ్ల జిగురు తుడుచుకుని, అప్పుడు కూర్చుంది. హరిహర వరుస చదివి టిక్కు పెట్టింది. దాని కింద ఖాళీ జాగాలో చేత్తో ఇంకో వరుస రాసింది. 'హరిహర, ఆర్, నూటఇరవై, వెనక ఉంది.' దానికీ టిక్కు పెట్టింది.

రుద్రేశప్ప పక్కన నిలబడి పుట తిప్పడానికి కాగితం అంచు పట్టుకున్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"జగళూరు పెట్టె పట్టిక తీయండి సార్" అంది.

అతను తీశాడు.