కొసరు పిల్ల

చేతికందిన గోలును ఒట్టి పుణ్యానికి పక్కపిల్లకు ఇచ్చేసిన వ్యాపారస్తురాలు పులివెందుల బజారు మొత్తమ్మీద నేనొక్కదాన్నే. ఈ మాట కొంచెం గొప్పగానే చెప్పుకుంటాను. పెళ్లిచీరల బేరంలో మధ్యాహ్నమంతా కూర్చోబెట్టినా ధర దిగని మనిషిని నేను. నా అంగట్లోంచి జాకెట్టు ముక్క ఊరికే పట్టుకుపోయినవాళ్లు ఇంతవరకూ లేరు. అలాంటిదాన్ని, బడిలో చదివే రోజుల్లో, నా దగ్గరికి వచ్చినవాటిలోకెల్లా ఖరీదైన సరుకును బేరం కూడా ఆడకుండా వదిలేశాను. పొద్దున్నే షట్టరు ఎత్తి, అంగడి ముందున్న నాపబండల మీద నీళ్లు చల్లుతాను. తడిబండకు ఎండ తగలగానే సున్నమూ వానా కలిసినట్టు ఒక వాసన లేస్తుంది. బండల మీద ఆకాశం కదులుతుంది. ఆ ఆకాశంలో, తలకిందులుగా, మెడలో ఈల వేసుకుని రూతు టీచరు నిలబడి ఉంటుంది. నీళ్లు ఆరేదాకా ఉంటుంది, తర్వాత వెళ్లిపోతుంది.

రూతు టీచరు మా ప్రొద్దుటూరు ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. సొంత ఊరు జమ్మలమడుగు. మొదటిసారి ఆమెను చూసింది బడిలో కాదు, మా నాన్న బట్టల అంగట్లో. హాకీ టీము చొక్కాలకని నీలం గుడ్డ కోసం వచ్చింది. సెలవురోజు కాబట్టి గల్లాపెట్టె పక్కన నేనున్నాను.

"పిల్లోళ్ల ఆటకు పాపా, రొంత తగ్గించి చెప్పు" అంది.

"ఆడేది పిల్లోళ్లు, కొనేది మీరు గదా టీచర్."

"ఉతికితే రంగు పోతాదేమో."

"మీ పిల్లోళ్లు దుమ్ములో దొర్లకుంటే ఉతికే పనే ల్యా."

నాన్న నవ్వు దాచుకోవడానికి అటు తిరిగి తాన్లు సర్దుతున్నాడు. టీచరు నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపు గుడ్డ నాణ్యం చూసేవాళ్ల చూపు. తర్వాత చెప్పిన ధరకే డబ్బు తీసి పెట్టింది.

"శెట్టిగారూ, మీ ధర మీకిచ్చినా. కొసరు మాత్రం నేనడిగింది ఇయ్యల్ల."

"ఏ ముక్క గావల్లంటే అది తీసుకోండి టీచరమ్మా."

"ముక్క వద్దు. ఈ పిల్లను ఇయ్యండి, సాయంత్రం పూట. ఇంత గట్టిగా పట్టుకునే పిల్ల నా టీములో ఒక్కతీ ల్యా."

అంగట్లో కొసరు లేదనడం నాన్నకు ప్రాణం మీదికి వచ్చినంత పని. చాలాసేపు గుడ్డ మడతపెట్టి, చివరికి "ఎన్నాళ్లకు?" అన్నాడు.

"కొసరు వాపసు ఇచ్చేది యాడన్నా ఉంటాదా?" అంది టీచరు, సంచీ చంకన పెట్టుకుంటూ.

అలా నేను గుడ్డతో పాటు మైదానానికి వెళ్లాను. అక్కడ అందరికీ పేర్లున్నాయి, నేను మాత్రం కొసరు. టీచరు అన్నట్టే గట్టిగా పట్టుకున్నాను. ఎంత గట్టిగానంటే, ఒకసారి నా కర్రకు బంతి తగిలిందంటే అది మళ్లీ ఇంకొకరి కర్ర మొహం చూసేది కాదు. ఎడమ పక్కన నూర్జహాన్ "ఇయ్యి మే, ఇయ్యి" అని అరుస్తూ పరుగెత్తేది. వాళ్లమ్మ మా అంగడికి జాకెట్లు కుట్టేది. నేను వినిపించుకునేదాన్ని కాదు. నాకు దొరికిన సరుకు నేనెందుకు ఇవ్వాలి? ఒకరోజు టీచరు ఆట ఆపి నా కర్ర తీసేసుకుంది.

"పొద్దు గూకేదాంక మీ నాయన అంగట్లో కూసో. గిరాకీకి కోక విప్పి సూపేటప్పుడు ఆయన యాడ జూస్తాడో సూసి రా."

అది శిక్ష అనుకుని వెళ్లి కూర్చున్నాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. నాన్న చీర విప్పి, కొంగును గాలిలో తేలించి, వచ్చినామె ఒళ్లో పడేలా వదులుతున్నాడు. ఒక్కసారి కూడా చీర వంక చూడలేదు. చేతులకు చీర తెలుసు. కళ్లు మాత్రం ఎదుటి మనిషి ముఖం మీదున్నాయి. ఆమె ఏది కోరుకుంటుందో, ఏది కోరుకోవడానికి భయపడుతుందో అక్కడ చూస్తున్నాడు. ధర మాట ఇంకా రానేలేదు, చీర మాత్రం అప్పటికే ఆమె ఒళ్లో ఉంది.

మర్నాడు టీచరుతో అదే చెప్పాను.

"బంతిని సూడాకు. అది యాడికీ పోదు. మనిషిని సూడు" అంది ఆమె. కర్ర తిరిగి ఇచ్చింది.

అంతకుముందు సంవత్సరం మా బడి టీము టర్ఫు ఉన్న పెద్ద ఊళ్లో ఆడి చిత్తుగా ఓడింది. మన మట్టి మీద గునుస్తూ వచ్చే బంతి అక్కడ నీళ్లు చల్లిన ప్లాస్టిక్ పచ్చిక మీద చేపలా జారిపోయిందట. ఈసారి అదే చోట స్పోర్ట్స్ హాస్టలు కోసం పిల్లల్ని ఎంచుకుంటారన్నారు. మా టీము నుంచి తీసుకుంటే ఒక్కరినే. పదో తరగతి అయిపోతే నూర్జహాన్‌కు కుట్టుమిషను, నాకు గల్లాపెట్టె సిద్ధంగా ఉన్నాయి. ఆ సీటు ఇద్దరికీ కావాలి. ఆ సంగతి మేము పైకి అనుకోలేదు గానీ, టిఫిను డబ్బాలో ముక్క పంచుకునేటప్పుడు కూడా మా మధ్య అది కూర్చునేది.

టర్ఫు ఎక్కడి నుంచి తెస్తాం? టీచరు మమ్మల్ని ఆదివారం బస్సెక్కించి జమ్మలమడుగు తీసుకెళ్లింది. అక్కడ ఆమె అన్న వరసాయనకు నాపబండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. ముందున్న ఆవరణ అంతా బండలు పరిచి ఉంది, పాలిష్ పట్టనివైనా చదునుగా. ఆయన చేతులు కట్టుకుని వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

"జారి పండ్లు రాలగొట్టుకుంటే మీ నాయన్లకు నేను జవాబు చెప్పల్లనా?"

టీచరు నా వంక చూసింది. బేరం నాకు అప్పగించిందని అర్థమైంది.

"పండ్లు మావి గదా మామా, బండలే నీవి. వాటికేం గాదు."

"ఊరికే ఇయ్యమంటే ఎట్ల?"

"వారం దుమ్ము పేరుకోని ఉండాది. కడిగి, ఆడుకోని, మళ్లా కడిగి పోతాం. రేపటికి నీకొక కూలిమనిషి ఖర్చు మిగుల్తాది."

"నీళ్లో?"

"బోరు నీళ్లకు గూడా లెక్క జెప్తే ఏం బాగుంటాది మామా."

ఆయన చేతులు విప్పాడు. "ఎవురు రూతూ ఈ పిల్ల?"

"కొసరు" అంది టీచరు.

ఆ ఆదివారాలు ఎన్నో నాకు గుర్తులేదు. కలిపి ఒకటే పొడుగాటి సాయంత్రంలా మిగిలాయి. పైపుతో నీళ్లు పట్టగానే తెల్లటి రాతిపొడి పాలలా కారి పోయేది. దాని కిందనుంచి నల్లటి బండ, బండలో మబ్బులు బయటపడేవి. బంతి ఆ మబ్బుల మీదుగా చప్పుడు లేకుండా వచ్చేది. మా కాళ్ల కింద ఇంకొక టీము, తలకిందులుగా, మాతోపాటు పరుగెత్తేది. టీచరు కేకలు వేసేది కాదు. "మెత్తగా... ఒళ్లో పడినట్టు" అనేది, అంతే. ఎవరి జుట్టు చూసినా రాతిపొడితో నెరిసిపోయి ఉండేది. నూర్జహాన్‌ను చూసి నేను, నన్ను చూసి తను, ముసలోళ్లమై కూడా ఇక్కడే ఆడుతున్నామని నవ్వుకునేవాళ్లం.

ఎంపిక రోజు టర్ఫు మీద బంతి మాకు కొత్తగా అనిపించలేదు. పోయినేడు మా బడిని చూసి నవ్విన టీముతోనే సమంగా ఆడాం. ఆట చివర్లో బంతి నాకు దొరికింది. నా ముందు కీపరు ఒక్కతే. గీత అవతల కుర్చీల్లో, ఎంపిక చేసేవాళ్లు. కొట్టడమే మిగిలింది. తలెత్తాను. తలెత్తకుండా ఉంటే బాగుండేది. ఎడమ పక్కన నూర్జహాన్ కనిపించింది. ఈసారి ఇయ్యమని అరవడం లేదు. నేను ఇవ్వనని ముందే ఒప్పేసుకున్న ముఖం. చీర పట్టుకుని చూసి, ధర అడగకుండానే మడతపెట్టి పక్కన పెట్టేవాళ్ల ముఖం. నా చేతులు మెత్తగా బంతిని ఆమె ఒళ్లోకి వదిలేశాయి. ఆమె గోలు కొట్టింది. తర్వాత వాళ్లు ఇంకొకటి కొట్టారు, మేము ఓడిపోయాం. సీటు నూర్జహాన్‌కు వచ్చింది.

తిరుగు బస్సులో టీచరు పక్కన కూర్చున్నాను. బయట దువ్వూరు పొలాలు చీకట్లో కలిసిపోతున్నాయి.

"నేను కొట్టింటే పొయ్యేదా టీచర్?"

పోయేది కాదులే అంటుందని అడిగాను.

"పొయ్యేది. కీపరు అప్పటికే కుడి పక్కకు వాలింది."

"మరి సీటు?"

"నీకే వచ్చేదేమో."

ఈల తాడు తీసి నా మెడలో వేసి, ప్రొద్దుటూరు వచ్చేదాకా కళ్లు మూసుకుంది. దిగేటప్పుడు వెనక్కి అడగలేదు.

టీచరు ఇప్పుడు లేదు. నూర్జహాన్ చాలా ఏళ్లు ఆడి, ఆ ఆట మీదే ఉద్యోగం తెచ్చుకుంది. రంజానుకు, పులివెందులలో నేను పెట్టుకున్న అంగడికి ఫోను చేసి చీర ధర తగ్గించమంటుంది. నేను తగ్గించను. ముహూర్తాల నెలలో కూడా సాయంత్రం షట్టరు దించి, ఆ ఈల మెడలో వేసుకుని, ఇక్కడి బడి పిల్లలకు హాకీ నేర్పడానికి పోతాను. ఆ వేళకు వచ్చే గిరాకీ పక్క అంగడికి పోతుంది.

ఇక లెక్క. పోయింది ఒక సీటు, దాని వెనక నేను చూడని ఊళ్లు, రోజూ సాయంత్రపు గిరాకీ. వచ్చింది మనిషి ముఖం చూసే కన్ను, నీళ్లు చల్లినప్పుడల్లా బండలో కనిపించే ఒక టీచరు. ఎన్నిసార్లు కూడినా సమం కాదు. పోయిందే ఎక్కువ. కొసరిచ్చిన చోట లెక్క అలాగే ఉంటుంది, అందుకే సరిచేయకుండా వదిలేశాను.