పొలిమేర లోపలి చావు

మొన్న హనుమకొండ దవాఖానలో మా తమ్ముడు మంచాన పడి ఉంటే, ఇక లాభం లేదని డాక్టరు చెప్పేశాక, ఇంటికి తీసుకుపోదామా, అక్కడే ఉంచుదామా అని వాడి కొడుకులు నన్ను అడగవచ్చారు. "నన్నెందుకడుగుతాన్రురా? మీ బాపుకు నోరు లేదా? ఆయన్నే అడుగుండ్లి" అన్నాను. ముఖాలు మాడ్చుకొని పోయారు. ముదిరాక అక్షరాలు నేర్చినవాణ్ణి, మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. కానీ ఆ మాట వెనుక మా అమ్మ ఉంది, అది నా ఈడువాళ్ళకైనా చెప్పుకోవాలి.

అవి యుద్ధం రోజులు, నిజాం రాజ్యం. నాకు పద్దెనిమిదేళ్ళు, బాపు అప్పటికే లేడు, ఇంటికి పెద్దకొడుకును. అమ్మకు కడుపులో గడ్డ లేస్తే, స్టేషన్ ఘన్‌పూర్ పక్కనున్న మా ఊరి నుంచి బండి కట్టుకొని వరంగల్ మిషన్ దవాఖానకు తెచ్చాను. గడ్డ ముదిరింది, బతకదన్నారు గాని, అక్కడి నర్సమ్మ నొప్పి తెలియకుండా పూటకో సూది వేస్తుంటే అమ్మ ఎన్నో నెలల తర్వాత కాళ్ళు చాపుకొని నిద్రపోయింది, లేచి పక్కమంచం ముసలమ్మతో, "నీ కోడలు వండిన గట్కకంటె ఈ సూదే నయం గదనే" అని పరాచికాలు కూడా ఆడింది.

అప్పుడు మా మేనమామ దిగాడు. ఊరి బయట ప్రాణం పోతే శవాన్ని పొలిమేర దాటి రానివ్వకపోవడం మా ఊరి కట్టు. ఇంటి ముందు దించేది లేదు, అటునుంచి అటే కాటికి. "అక్కను దిక్కులేనిదాని లెక్క సాగనంపుతవారా?" అని నలుగురిలో నన్ను నిలదీశాడు. లోపలికి పోతే అమ్మ నా చెయ్యి పట్టుకొని, "నేనీడనే ఉంట బిడ్డా, సూదేస్తే జర నిమ్మలముంటాంది" అంది. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. బయటికొచ్చి మామతో, అమ్మ ఇంటికే పోదామంటున్నదని చెప్పాను. తల్లిని ఊరి బయట పెట్టిన కొడుకునని అనిపించుకోవడానికి జడిశాను, అంతే.

ప్రాణంతోనే పొలిమేర దాటించాం. ఆ నర్సును తలుచుకొని, సూదమ్మ వస్తదా అని అమ్మ అడిగేది, వస్తదనేవాణ్ణి. గొంతు పోయేదాకా అరిచి మూడోనాడు పోయింది. సొంతింట్లో పోయింది, పుణ్యాత్మురాలు, కొడుకంటే వీడేనని ఊరంతా నా భుజం తట్టింది.

ఇప్పుడు హైదరాబాదులో పోయినవాళ్ళను ఐసుపెట్టెలో ఊళ్ళోకి తెచ్చి, ఇంటి ముందే దించి, పైన టెంటు కూడా వేస్తున్నారు. ఆపేవాడు లేడు, మంచిదే. ఆ కట్టు ఏ ఏడు పోయిందని అడిగి చూశాను, ఒక్కరికీ గుర్తు లేదు. ఎప్పుడు పోయిందో కూడా ఎవరికీ పట్టని కట్టు కోసం మా అమ్మ మూడు రోజులు అరిచింది.