మబ్బులకు చలువ

మా మామయ్యను అందరూ తళతళ గారంటారు. అసలు పేరు నాకు పెళ్ళైన కొత్తలో ఎవరో చెప్పారు, మళ్ళీ దాంతో పనిపడలేదు. ఆయనది లాండ్రీ. లోపల ఉతుకు గది, వీధి వైపు కౌంటరు, పైన డాబా నిండా దండేలు. కౌంటరు దగ్గర కోడలిని నేను, ఇస్త్రీ బల్ల దగ్గర అత్తయ్య. మామయ్య లెక్కలో లోకంలో ఉన్నవి రెండే రంగులు. ఒకటి తెలుపు, రెండోది ఇంకా తెల్లబడనిది.

కిందటి ఎండాకాలం అత్తయ్య ఇస్త్రీ చేస్తూ చేస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. వేడి తగలకూడదన్నాడు డాక్టరు. ఇస్త్రీ పెట్టెతో కాపురం చేసే మనిషికి చెప్పాల్సిన మాటేనా అది? నాలుగు రోజులు మంచం మీద కూర్చుని, అందరినీ తిట్టి, మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చేసింది. అప్పటి నుంచి మామయ్యకు పెద్ద చిక్కు వచ్చిపడింది. ఎండ కాయకపోతే బట్టలు ఆరవు, కాస్తే ఆవిడ ఏమైపోతుందోనని భయం. పొద్దున్నే డాబా ఎక్కి, ఆకాశాన్ని ఏం అడగాలో తెలియక బిక్కమొహం వేసుకుని దిగి వచ్చేవారు.

ఈ ఏడు ఎండలు మొదలవుతుండగా ఓ రోజు మునిసిపాలిటీ బండి మైకు పెట్టుకుని మా వీధిలోకి వచ్చింది. "భూమికి చలువ చేసేందుకు మబ్బులను ఇంకా తెల్లగా మార్చే పరిశోధన. ప్రభుత్వం డబ్బు పెట్టాలా, వద్దా? సాయంత్రం హాలుకు వచ్చి చెప్పండి."

మా కొట్లో చలువ అంటే ఒకటే అర్థం. ఉతికి, నీలిమందు పెట్టి, తెల్లగా తేల్చి, మడత పెట్టి ఇవ్వడం. చలువకు చల్లదనమనే అర్థం కూడా ఉందని మామయ్యకు ఆ క్షణాన తట్టలేదు.

"విన్నావా అమ్మాయ్, గవర్నమెంటు వాళ్ళు చలువకిస్తున్నారు."

"ఏం బట్టలు మామయ్యా?"

"మబ్బులట. పరదాల్లో ఏదో కొత్త రకమై ఉంటుంది."

ఆ మైకు మాట నాకు సరిగ్గానే అర్థమైంది. చెప్పొచ్చు. కానీ ఆయన అప్పటికే ఉతికిన చొక్కా తొడుక్కుని, పనితనం చూపించడానికి కళ్ళు జిగేల్మనే దుప్పటి ఒకటి చంకన పెట్టుకున్నారు. అంత ఉత్సాహం మీద నీళ్ళు చల్లడానికి నాకు మనసొప్పలేదు. నిజం చెప్పాలంటే, హాల్లో ఏమవుతుందో చూడాలని మహా సరదాగా కూడా ఉంది. అత్తయ్యను బయల్దేరదీసి నేనూ వెంటబడ్డాను.

హాల్లో కళ్ళజోడు పెట్టుకున్న ఓ సైంటిస్టు అమ్మాయి బొమ్మలు చూపిస్తూ చెప్పింది. సముద్రం మీద ఓడల్లోంచి ఉప్పునీటి తుంపర పైకి చిమ్ముతారట. మబ్బులు ఇంకా తెల్లబడి, ఎండలో కొంత వెనక్కి తిప్పికొడతాయట. కింద వేడి తగ్గుతుందట. వింటూ వింటూ మామయ్య ఆ దుప్పటిని మెల్లిగా కుర్చీ కిందికి తోసేశారు. నేను నవ్వాపుకోలేక పెదవి కొరుక్కున్నాను. ఆయన లేచి నిలబడ్డారు.

"తల్లీ, ఎండ వెనక్కి పోతే నా దండేల గతేంటి?"

హాలంతా గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నిదానంగా చెప్పింది. "ఇప్పుడే చేస్తామని కాదండీ. చేయొచ్చా, చేస్తే ఎవరి వాన ఎటు పోతుందో తెలుసుకోవడానికే డబ్బడుగుతున్నాం."

చెప్పుల షాపాయన అడ్డుపడ్డాడు. "ఒకసారి డబ్బిస్తే ఇంకేముంది? ఫ్యాక్టరీల పొగ, బండ్ల పొగ తగ్గించే పని గాలికొదిలేసి, మబ్బులు చూసుకుంటాయిలే అంటారు."

వద్దనేవాళ్ళను చేతులెత్తమన్నాడు మునిసిపాలిటీ గుమాస్తా. మామయ్య ఎత్తారు. కావాలనేవాళ్ళను ఎత్తమన్నాడు. మామయ్య మళ్ళీ ఎత్తారు.

"తళతళ గారూ, మీరు రెండుసార్లు ఎత్తారు," అన్నాడు గుమాస్తా.

"నాకు రెండూ ఉన్నాయి బాబూ," అని మామయ్య ఆ అమ్మాయి వైపు తిరిగారు. "మేం కొత్త గుడ్డకి మందు వేసేముందు లోపలి మడతలో ఓ చుక్క వేసి చూస్తాం. పాడైతే ఆ కాస్తే పాడవుతుంది. ఆకాశానికి లోపలి మడత ఎక్కడుందమ్మా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. "అసలుందో లేదో ఇంకా తెలీదండీ," అంది ఆ అమ్మాయి. "ముందు వెతికేది దానికోసమే. లేదని తేలితే అదే వచ్చి చెప్తాం."

"అయితే వెతకండి. పొగ సంగతి కూడా వదలొద్దు," అంటూ మామయ్య చెయ్యెత్తారు.

అత్తయ్య ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "మతిపోయిందా మీకు? బట్టలు ఆరకపోతే ఏం చేస్తారు?"

"తడిబట్ట ఇవాళ కాకపోతే రేపు ఆరుతుందే. నువ్వు పడిపోతే నేనేం చెయ్యను?"

ఆ మాట మెల్లగానే అన్నాననుకున్నారాయన. మైకు పక్కనే ఉంది. హాలంతా వినపడింది. నాకు నవ్వూ, ఏడుపూ కలిసి వచ్చేశాయి.

అత్తయ్య మొహం ఎర్రబడింది. అయినా తగ్గే రకమా ఆవిడ? మైకు తన వైపు తిప్పుకుంది.

"ఇంత ప్రేముంటే, ఇస్త్రీ బల్ల దగ్గర ఓ ఫ్యాను పెట్టమని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాను? మడతలు ఎగిరిపోతాయంటారేం?"

మామయ్య ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. పాపం గుమాస్తా పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"మీది చివరికి ఏమని రాయమంటారండీ?"

"పరిశోధనకి గవర్నమెంటు డబ్బు పెట్టాలనే రాయి బాబూ," అన్నారు మామయ్య. "ఫ్యాను మాత్రం నేనే కొంటాను."