నాంచారయ్య మాస్టారి గూడకొంగలు

మొన్న ఆదివారం గుడివాడలో మా వంటింటి వెనక మా ఆవిడ ఇత్తడి బిందెను చింతపండుతో తోముతుంటే ఆ పులుపు వాసన ముందుగదిలోకి వచ్చింది. నేను పేపరు మడిచి వీధిలోకి నడిచాను. "సాయం చెయ్యమంటానని భయమా?" అంది. అవునన్నాను. నా గురించి ఆమె ఊహించేవన్నీ దాదాపు నిజాలే కాబట్టి మధ్యలో ఒక్క అబద్ధం పెద్ద భారం కాదు. అసలు సంగతేమిటంటే, ఆ వాసన తగిలితే నాకు నాంచారయ్య మాస్టారు గుర్తొస్తారు. ప్రోగ్రాముకు ముందురోజు ఆయన బ్యాండు వాళ్లు బాకాలన్నీ చింతపండుతోనే తోమేవారు.

ఆయనది దివిసీమలో సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి, అన్నలు వేటకు వెళ్లేవారు. ఈయనకు పడవెక్కితే వాంతులు. "అందుకే ఊదుకుంటూ బతుకుతున్నాను" అనేవారు. బందరులో పెళ్లి బ్యాండు నడిపేవారు. నేను అక్కడ డిగ్రీ చదివేవాణ్ణి. చదువు సంగతి నా మార్కుల జాబితా చెబుతుంది గానీ, నవ్వించడంలో మాత్రం కాలేజీ మొత్తానికి నాకు పేరుండేది. మా కాలేజీ బ్యాండుకు నేర్పడానికి ఆయన సాయంత్రాలు సైకిల్ స్టాండుకు వచ్చేవారు. నా చేతికి క్లారినెట్ ఇచ్చి నెలరోజులు ఊదనివ్వలేదు. "ముందు ఊపిరి ఆపడం నేర్చుకో బాబూ. ఊదడం ఎవడికైనా వస్తుంది." "ఆపడం బాగా వస్తే పోతాం కదండీ మాస్టారూ" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. అదే నన్ను పాడుచేసింది.

ఆ ఏడు వార్షికోత్సవంలో మా బ్యాండూ ఆయన బ్యాండూ కలిసి ఏదైనా వాయించమని ప్రిన్సిపాల్ గారు అడిగారు. "కుర్చీల్లో కూర్చునే వింటారా అండీ? లేచిపోరు కదా?" అని మాస్టారు రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. ఎందుకో తరవాత నాతో చెప్పారు. "ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నాను బాబూ. ఏ పాటా చివరిదాకా వాయించలేదు. విడిది ఇల్లు వచ్చేస్తుంది. పెద్దాయనెవరో చెయ్యి ఊపుతాడు. ఆపేస్తాం." ఆయన కట్టుకున్న సొంత పాట ఒకటి ఉందని అప్పుడే తెలిసింది. చిన్నప్పుడు వాళ్ల ఊరి ఉప్పునీరు నిలిచే పర్ర నేలలో చూసిన గూడకొంగల మీద కట్టారట.

గూడకొంగ ముక్కు కింద సంచీతో ఉండే బరువైన పక్షి. ఉన్నచోటి నుంచి లేవలేదు. నీళ్లను కాళ్లతో తపతపా కొడుతూ పరిగెత్తి, ఆ మీదట ఎగురుతుంది. పాటలో ఆ పరుగు పెద్ద డ్రమ్ముది. అది వేగం అందుకుని, అందుకుని, ఒక్కసారిగా ఆగిపోతుంది. అందరూ ఆగిపోతారు. "కాళ్లు నీళ్లు వదిలేశాయి. రెక్కకి గాలి ఇంకా దొరకలేదు. అక్కడ మనమెవరమూ ఏమీ చెయ్యకూడదు" అనేవారు. ఆ నిశ్శబ్దంలోంచి ఒక్క క్లారినెట్ సన్నగా మొదలై పైకి పోతుంది, దాని వెనకే బాకాలన్నీ లేస్తాయి. ఆ ఒక్క క్లారినెట్ నాకిచ్చారు. అది మొదటిసారి కుదిరిన సాయంత్రం నా కాళ్ల కింద సైకిల్ స్టాండు లేదు. ఇలాంటి మాటలు నేను మామూలుగా రాయను.

చిక్కల్లా ఆయన మనుషులతో వచ్చింది. జీవితమంతా నడుస్తూ వాయించినవాళ్లు, కూర్చోబెడితే తాళం తప్పేవారు. కుర్చీ కింద కాళ్లు ఊరేగుతూనే ఉండేవి.

"ఒరే సుబ్బారావూ, ఎక్కడికిరా వెళ్తున్నావ్?"

"ఎక్కడికీ లేదు మాస్టారూ. కాళ్లు ఊరుకోడం లేదు."

చివరికి తువ్వాళ్లతో కాళ్లను కుర్చీ కోళ్లకు కట్టి సాధన చేయించారు. వారం పట్టింది వాళ్లకు కూర్చోవడం రావడానికి.

వార్షికోత్సవం నాడు డ్రమ్ము పరుగెత్తింది. ఆగింది. హాలంతా నిశ్శబ్దం. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతమంది ఊపిరి బిగబట్టి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మూడో వరుసలో నా స్నేహితులు కూడా నోళ్లు తెరుచుకుని వింటున్నారు. అది నేను భరించలేకపోయాను. జనం నన్ను చూస్తూ నవ్వకపోవడం నాకు అలవాటు లేదు. క్లారినెట్ మూతికుండే రీడు బద్దను పళ్లతో నొక్కి, కాళ్లు పట్టుకున్న కోడి అరిచినట్టు ఒక్క కూత కూయించాను.

హాలు పగిలిపోయింది. ఆ నవ్వు ఆగలేదు. మాస్టారు బాకాలను లేపడానికి చేతులెత్తారు గానీ ఏమీ వినిపించలేదు. ముందు వరుసలోంచి ఎవరో, చాలు అన్నట్టు చెయ్యి ఊపారు. ముప్పై ఏళ్ల అలవాటు కాబోలు, ఆయన వెంటనే ఆపేశారు.

తెర వెనక ప్రిన్సిపాల్ గారు, "ఏంటయ్యా ఆ కూత? మీ వాళ్లని స్టేజీ ఎక్కించడం నాదే తప్పు" అన్నారు. మాస్టారు నా వైపు చూడను కూడా చూడలేదు. "రీడు తడారిపోయిందండీ. ముందే చూసుకోవాల్సింది నేను" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నా ఊపిరి ఆపుకునే విద్య అప్పుడు బాగా పనికొచ్చింది. మర్నాటి నుంచి నేను సైకిల్ స్టాండుకు వెళ్లలేదు. పై ఏడు ఆయన్ని కాలేజీ పిలవలేదు.

చాలా ఏళ్లకు చల్లపల్లిలో ఒక పెళ్లి ఊరేగింపులో కనిపించారు. ఊదడం మానేసి బ్యాండు ముందు నడుస్తున్నారు. పరిగెత్తే ఆ డ్రమ్మును గుర్తుపట్టి దగ్గరికి వెళ్లాను. ఆగవలసిన చోట డ్రమ్ము ఆగలేదు. ఆ చోటంతా దరువుతో నింపేశారు.

"అక్కడ ఆపడం తీసేశారా మాస్టారూ?"

"రోడ్డు మీద ఆపితే అయిపోయిందనుకుంటారు బాబూ. బావున్నావా?"

క్షమించమని అడగాలని ఆ నాలుగు మాటలూ నోట్లో సిద్ధం చేసుకున్నాను. తీరా బయటికి వచ్చింది ఇది: "కోడి గుర్తుందా అండీ?"

ఆయన నవ్వలేదు. కోపమూ పడలేదు. "ఏ కోడి? ఆవేళ రీడు తడారిపోయింది" అని నా భుజం తట్టారు. అంతలో విడిది ముందు నుంచి ఎవరో చెయ్యి ఊపారు. పాట ఆగిపోయింది.

ఆ తరవాత రెండేళ్లకు ఆయన పోయారని తెలిసింది. ఇప్పటికీ పెళ్లిళ్లలో, ఆఫీసు మీటింగుల్లో మైకు నాకే ఇస్తారు. నవ్విస్తాను, ఆ ఉద్యోగం నుంచి నన్నెవరూ తీసెయ్యలేదు. కాకపోతే నవ్వు లేచిన ప్రతిసారీ నా చూపు నవ్వనివాళ్ల కోసం వెతుకుతుంది. ఒక్కరు కనిపించినా, చెప్పబోయే రెండో జోకు మింగేసి మైకు పక్కవాళ్లకు ఇచ్చేస్తాను. అందరూ దాన్ని వినయం అనుకుంటున్నారు. నేను దిద్దలేదు.