పెద్దకోడలి పన్ను

అసూయతో దవడ వాచిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆ వాపు గుమ్మంలో పట్టక మూడు రోజులు పక్కకు తిరిగి ఇంట్లోకి దూరిందట కాలర్ల అక్క. చొక్కాల షెడ్డులో రోజుకు రెండు వందల కాలర్లు కుట్టి, ఇంటికొచ్చి ఆరుగురికి వండే పెద్దకోడలు.

సంగతేమిటంటే, ఆవిడ తోడికోడలు జ్ఞానదంతం తీయించుకుంది. డాక్టరు ఒక్కరోజు మాట్లాడొద్దన్నాడు. చిన్నకోడలు నాలుగు రోజులు నోరు విప్పలేదు. కాగితం మీద "దిండు" అని రాస్తే మరిది మూడు దిండ్లు తెచ్చాడు. "చల్లగా ఏదైనా" అని రాస్తే అత్తగారు ఐస్‌క్రీమ్ గిన్నెతో పరుగెత్తింది. అత్తగారు పరుగెత్తగలదని పెళ్లయిన పద్నాలుగేళ్లలో పెద్దకోడలికి తెలియనే తెలియదు.

గిన్నెలు తోముతూ నాలుకతో తన దవడ తడుముకుంది. తనకూ కింది దవడలో అలాంటిదే ఒకటుంది. అప్పుడప్పుడూ సలుపుతుంది. ఇన్నాళ్లూ ఉప్పునీళ్లు పుక్కిలించి దాని నోరు మూయించింది.

"నేనూ తీయించుకుంటాను," అంది భోజనాల దగ్గర.

"నీకేం రోగమే, గుండ్రాయిలా ఉన్నావు!" అంది అత్తగారు.

మర్నాడే మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి పళ్ల డాక్టరు కుర్చీ ఎక్కింది. డాక్టరు ఎక్స్‌రే చూశాడు.

"కాస్త ఒరిగిందమ్మా. మరీ బాధపెడుతుంటే తీసేద్దాం, లేదంటే ఉంచుకోవచ్చు. మీ ఇష్టం."

"తీస్తే ఎన్నాళ్లు మంచం మీదుండాలి?"

"మంచమెందుకు? రెండు మూడు రోజులు విశ్రాంతి చాలు."

"చీటీలో వారం అని రాస్తారా?"

డాక్టరు నవ్వుతుండగానే మొగుడు ముందుకొచ్చాడు. "ఎలాగూ వచ్చాం కదా, నాదీ ఓసారి చూడండి," అని నోరు తెరిచాడు. డాక్టరు లైటు అటు తిప్పాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇది పుచ్చి పక్క పన్నును కూడా తినేస్తోంది. ఇవాళే తీసేయాలి. అమ్మా, మీరు కాస్త లేస్తారా?"

లేచింది. ఇంకేం చేస్తుంది?

సాయంత్రానికి మూడు దిండ్లూ ఆయన తలకిందకు చేరాయి. "నా తండ్రే, నా నాయనే" అంటూ అత్తగారు మళ్లీ పరుగెత్తింది. ఆయన కాగితం మీద "ఇంకొంచెం" అని రాశాడు. పెద్దకోడలు తినిపిస్తూనే ఉంది. చెంచా ఎటు పోతే ఆవిడ చూపు అటు పోయింది.

"అక్కా, బావగారికి నాకంటే ఎక్కువ వాచింది కదూ?" అంది చిన్నకోడలు.

"నీకసలు వాచిందా?"

మొగుడి అవస్థ చూసి ఆవిడ మనసు వెన్నలా కరిగిందనీ, పన్ను మాటే మరిచి రేయింబవళ్లు సేవ చేస్తోందనీ షెడ్డంతా చెప్పుకున్నారు. పక్క మిషనామె ఆ మాట ఆవిడ ముందే అనేసింది.

ఆవిడ కుట్టిన కాలరు తిప్పి, దారం కత్తిరించింది.

"ఏమీ కరగలేదు. ఆయన ఆదివారానికి లేస్తారు. సోమవారం పొద్దున నాది."